అర్జంటు లోడుకు ఏ బండి? చెన్నైలో పద్దెనిమిది నెలలు నడిపిన బడా దోస్త్ ఐ4 గురించి

ఆంధ్రలో తడ దగ్గరున్న శ్రీసిటీలోని ఒక కర్మాగారంలో ప్రెస్సు మీదున్న డై (రేకును నొక్కి ఆకారం ఇచ్చే ఉక్కు అచ్చు) పగిలి, దానికి బదులు డై చెన్నై అంబత్తూరులోని ఒక టూల్ రూములో, అంటే అచ్చులు తయారుచేసే వర్క్‌షాపులో, సిద్ధంగా ఉంటే, ఆ రెండు చోట్ల మధ్య ఉన్న అరవై చిల్లర కిలోమీటర్లే మా వ్యాపారం. పార్సిల్ సర్వీసువాళ్లు లారీ నిండేదాకా సరుకు పోగుచేసుకుని మరునాడు బయలుదేరతారు. మేము ఒక్క వస్తువు కోసం ఒక బండిని అప్పటికప్పుడు తీస్తాం, దారిలో ఇంకొకరి సరుకు ఎక్కించుకోము, అక్కడ దించి రసీదు మీద సంతకం తీసుకునేదాకా ఆ బండి ఆ ఒక్కరిదే. రెడ్‌హిల్స్‌లో ఉంటూ తొమ్మిదేళ్లుగా ఈ పని చేస్తున్నాను. పద్దెనిమిది నెలల క్రితం అశోక్ లేలాండ్ బడా దోస్త్ ఐ4 కొన్నాను, ఇప్పటికి అది డెబ్బై వేల కిలోమీటర్లు తిరిగింది. నెల్లూరు, సూళ్లూరుపేట వైపు నుండి వచ్చి మాధవరం చుట్టుపక్కల స్థిరపడిన మనవాళ్లలో ఈ పనిలోకి దిగుదామనుకునేవారు "ఏ బండి తీసుకోమంటావన్నా?" అని తరచుగా అడుగుతుంటారు కాబట్టి, ఆ ప్రశ్నకు నాకు తెలిసినంతలో వివరంగా జవాబు రాస్తున్నాను.

అమెరికాలో ఇదే పనిని హాట్‌షాట్ అంటారు. టెక్సాస్ చమురు బావుల దగ్గర యంత్రం ఆగిపోయినప్పుడు కావలసిన భాగాన్ని పికప్‌లో వేసుకుని పరుగెత్తడంతో ఆ పేరు వచ్చిందని చెబుతారు. అక్కడ ఫోర్డ్ ఎఫ్-350, రామ్ 3500 లాంటి బలమైన పికప్‌ల వెనుక నలభై అడుగుల దాకా పొడవుండే గూస్‌నెక్ ట్రైలర్ తగిలిస్తారు. బండి, ట్రైలర్ కలిపి అనుమతించిన బరువు 26,000 పౌండ్లు, అంటే దాదాపు 11,800 కిలోలు, దాటకుండా చూసుకుంటే పెద్ద లారీల లైసెన్సు లేకుండానే నడపవచ్చు కాబట్టి వాళ్ల బండి ఎంపిక చాలావరకు ఆ అంకె చుట్టూనే తిరుగుతుంది. వాళ్ల వీడియోలు చూసి ఇక్కడ కూడా పికప్‌కు ట్రైలర్ తగిలిద్దామని ఒకరిద్దరు నన్ను అడిగారు. అంబత్తూరు ఎస్టేటు సందుల్లో, టూల్ రూముల ఇరుకు గేట్లలో ట్రైలరును వెనక్కి తీసుకోవడం కుదిరే పని కాదు, కాబట్టి ఆ ఆలోచనను అక్కడితో వదిలేయమన్నాను. అయితే వాళ్ల దగ్గర నేర్చుకోవలసింది ఒకటుంది. వాళ్లు బండి బలాన్ని చూసే ముందు చట్టం గీసిన బరువు గీతను చూస్తారు.

మన దగ్గర బండి కొనేవారు షోరూములో అడిగే మొదటి మాట "ఎన్ని టన్నులు లాగుతుంది?" అని. అర్జంటు లోడు పనికి అది రెండో ప్రశ్న కావాలని నా అభిప్రాయం. బండి, డ్రైవరు, డీజిలు, సరుకు అన్నీ కలిపి అనుమతించిన మొత్తం బరువును జీవీడబ్ల్యూ అంటాం. మోటారు వాహనాల చట్టం 66వ సెక్షను ప్రకారం ఈ జీవీడబ్ల్యూ 3,000 కిలోలకు మించని సరుకు బండికి పర్మిట్ అక్కరలేదు. ఆ ఒక్క వాక్యం వల్లనే చిన్న ట్రక్కులలో చాలా మోడళ్లు మూడు టన్నుల గీతకు కాస్త ఇవతలే ఆగిపోతాయి. బడా దోస్త్‌నే చూడండి. 2020 సెప్టెంబరులో విడుదలైన ఈ బండిలో ఐ3 జీవీడబ్ల్యూ 2,990 కిలోలు, ఐ4 జీవీడబ్ల్యూ 3,490 కిలోలు. సరుకు విషయానికి వస్తే ఐ3 మోసేది 1,405 కిలోలు, ఐ4 మోసేది 1,860 కిలోలు. రెండింటిలోనూ ఉన్నది అదే 80 హార్స్‌పవర్ల మూడు సిలిండర్ల డీజిల్ ఇంజను. విడుదలనాడు ముంబయి షోరూము ధర ఐ3 ఎల్ఎస్ రకానికి 7.75 లక్షలు, ఐ4 ఎల్ఎస్ రకానికి 7.79 లక్షలు. నాలుగు వేల రూపాయల తేడాకు 455 కిలోలు ఎక్కువ మోసే బండి వస్తుంటే ఐ3 ఎవరు కొంటారని అనిపిస్తుంది. కానీ ఐ4 కొన్న మరుక్షణం పర్మిట్ తీసుకోవాలి, తడ దగ్గర సరిహద్దు దాటి ఆంధ్రలోకి వెళ్లాలంటే నేషనల్ పర్మిట్ కావాలి, దానికి ఏటా కట్టే ఉమ్మడి ఫీజే 16,500 రూపాయలు. షోరూములో కనిపించిన నాలుగు వేల తేడా నిజమైన తేడా కాదన్నమాట. పర్మిట్ మినహాయింపు ఉన్నంత మాత్రాన ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెటు), బీమా, పన్నుల నుండి కూడా మినహాయింపు ఉందని అనుకోకూడదు. అవి రెండు బండ్లకూ ఉంటాయి.

మరి నేను ఐ4 ఎందుకు కొన్నాను? కొనే ముందు మూడు రాత్రులు కూర్చుని, పాత ట్రిప్పుల కాటా చీటీలన్నీ బల్లమీద పరిచి చూసుకున్నాను. ఎక్కువ లోడ్లు తొమ్మిది వందల కిలోల లోపే ఉన్నాయి: మోటార్లు, గేర్‌బాక్సులు, వైరింగ్ పెట్టెలు, బేరింగులు. కానీ మంచి బాడుగ ఇచ్చినవి, రాత్రి పూట పిలిచినవి, అడిగినంత బేరమాడకుండా ఇచ్చినవి దాదాపు అన్నీ 1,400 నుండి 1,700 కిలోల మధ్య ఉన్న డైలు, మోల్డులు. ఐ3కి అవి అందవు. అందకపోయినా ఎక్కించేద్దామనుకుంటే, 2019 సవరణ తరువాత అధిక లోడుకు జరిమానా 20,000 రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000 రూపాయలు. ఒక్క చలానాతో నెల రోజుల మిగులు పోతుంది. నా చీటీల్లో ఈ బరువైన లోడ్లు లేకపోయి ఉంటే నేను కళ్లు మూసుకుని ఐ3 తీసుకునేవాడిని. బండి ఎంచుకోవడానికి కాటా చీటీలను మించిన సలహాదారు లేదు. ఇంకా వ్యాపారమే మొదలుపెట్టనివారు తాము పని తెచ్చుకోబోయే రెండు మూడు టూల్ రూములకు వెళ్లి, వాళ్లు పంపే వస్తువుల బరువులు అడిగి రాసుకోవడం మంచిది.

లోడు బాడీ కొలతలు నాకు తృప్తినిచ్చాయి. పొడవు దాదాపు తొమ్మిది అడుగుల ఎనిమిది అంగుళాలు, వెడల్పు అయిదు అడుగుల తొమ్మిది అంగుళాలు. ఎనిమిదికి నాలుగు అడుగుల ఉక్కు రేకు వేసి డాలా (బాడీ అంచున తెరిచి మూసే పలక) మూసుకోవచ్చు, పక్కన రెండు పెట్టెలకు చోటు మిగులుతుంది. పది అడుగుల రేకుకు డాలా మూతపడదు. ఇరవై అడుగుల పైపులు, రాడ్ల సంగతి చెప్పనే అక్కరలేదు. బాడీ దాటి బయటికి పొడుచుకువచ్చిన సరుకుకు కూడా ఇరవై వేల జరిమానా ఉంది. ఆ డబ్బు సంగతి అటుంచితే, రాత్రి పూట వెనుక వచ్చే మోటారు సైకిలువాడికి ఆ రాడ్డు కనిపించదు. అందుకే పొడవైన సరుకు నేను ఒప్పుకోను, ఎంత పాత ఖాతాదారైనా సరే.

ఈ పొడవు విషయంలో నేను ఒకప్పుడు చేసిన తప్పు చెప్పాలి. దీనికి ముందు నా దగ్గర సెకండ్‌హాండులో కొన్న పికప్ ఒకటి ఉండేది. దాని బాడీ రెండు అడుగులు పెంచితే బాడుగలు పెరుగుతాయని ఒక బాడీ షెడ్డు మేస్త్రీ చెబితే, ఆశపడి పెంచించాను. ఆర్సీలో ఆ కొలత మార్పించాలని ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. ఎఫ్‌సీకి తీసుకువెళ్లిన రోజు అధికారి టేపు పెట్టి కొలిచి, ఆర్సీలో ఉన్న వివరాలకు బండికి పొంతన లేదని, 52వ సెక్షను ప్రకారం ఇలా మార్చకూడదని చెప్పి వెనక్కి పంపాడు. వెల్డింగు కోయించి, పాత కొలతకు తెచ్చి, రంగు వేయించి మళ్లీ చూపించేసరికి పదహారు రోజులు గడిచాయి. ఆ పదహారు రోజుల్లో శ్రీసిటీలో నన్ను నమ్ముకున్న ఒక కంపెనీ వేరే బండివాడిని చూసుకుంది, తిరిగి నా దగ్గరికి రాలేదు. తప్పు నాది కాబట్టి వాళ్లను నేను ఏమీ అనలేకపోయాను. ఆ అనుభవం తరువాతే, కావలసిన పొడవు కంపెనీ నుండి వచ్చే బాడీలోనే ఉండాలని నిశ్చయించుకున్నాను.

నేల విషయంలో మరొక మాట. డైలు వేసేవాళ్లం కాబట్టి కంపెనీ ఇచ్చిన నేల సొట్టపడకుండా పైన ఉక్కు రేకు పరిపించుకుంటాం. మూడు మిల్లీమీటర్ల రేకును ఈ బాడీ అంతటా పరిస్తే దాదాపు 120 కిలోలు, నాలుగు మిల్లీమీటర్లదైతే 160 కిలోలు అవుతుంది. ఆ బరువు జీవీడబ్ల్యూలోంచే పోతుంది. దానికి తోడు డ్రైవరు పక్కన మరో మనిషి, రాచెట్ బెల్టులు, చెక్క దిమ్మెలు, టార్పాలిన్, జాకీ కలుపుకుంటే 1,860 అని రాసున్న బండిలో నేను నిశ్చింతగా ఎక్కించుకోగలిగేది 1,600 కిలోలే. కాబట్టి రేకును నేలంతా పరిపించకుండా, ఇరుసుకు ముందు డై కూర్చునే నాలుగు అడుగుల మేరకే వేయించాను.

లోడు ఎక్కించడం ఎలా ఉంటుందో ఒక రాత్రి సంగతి చెబితే అర్థమవుతుంది. మొన్న కార్తీకంలో రాత్రి తొమ్మిదిన్నరకు తడ వైపు ఉన్న కర్మాగారం సూపర్‌వైజరు ఫోను చేసి, "అన్నా, లైను ఆగిపోయింది, పన్నెండు లోపల డై ఇక్కడ ఉండాలి" అన్నాడు. టూల్ రూములో ఫోర్క్‌లిఫ్టు డ్రైవరు 1,350 కిలోల డైని పక్క డాలా దించిన బాడీ మీదికి పక్కనుండి తెచ్చాడు. నేను ముందే రెండు చెక్క దిమ్మెలు వేసి ఉంచాను, ఎందుకంటే దిమ్మెలు లేకుండా ఉక్కు మీద ఉక్కు కూర్చుంటే బ్రేకు వేసినప్పుడు జారుతుంది, పైగా ఫోర్కు కింది నుండి బయటికి రాదు. డైని వెనుక ఇరుసుకు సరిగ్గా పైన కాకుండా కొద్దిగా ముందుకు, కాబిన్ వైపుకు జరిపించాను. బరువంతా వెనుక పడితే ముందు చక్రాలు తేలిక అయి స్టీరింగు పట్టు తప్పుతుంది. బరువు దిగుతుండగా కమాను కట్టలు నెమ్మదిగా కిందికి వంగి నిలబడ్డాయి, బండి ఏ పక్కకూ ఒరగలేదు. నాలుగు మూలల నుండి నాలుగు బెల్టులు బిగించి, వేలితో మీటి చూస్తే తీగలాగా మోగాలి, మోగేదాకా బిగించాను. పది ఇరవైకి గేటు దాటాం, పదకొండు నలభై ఐదుకి అక్కడ దించాం.

ఆ రాత్రి మాకు కలిసొచ్చినది బండి వేగమని ఎవరూ అనుకోకూడదు. ఈ తరహా బండ్లకు గంటకు 80 కిలోమీటర్ల దగ్గర వేగ పరిమితి ఉంటుంది, ఉండటమే మంచిది. అరవై కిలోమీటర్ల దారిలో అరవైలో వెళ్లినా ఎనభైలో వెళ్లినా తేడా పదిహేను నిమిషాలు. అదే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే జీఎస్టీ పత్రం) కోసం గేటు దగ్గర నిలబడితే గంట పోతుంది. రాష్ట్రం దాటే సరుకు విలువ యాభై వేలు దాటితే ఈ-వే బిల్లు తప్పనిసరి, తమిళనాడు లోపలే తిరిగే సరుకుకైతే ఆ పరిమితి లక్ష రూపాయలు. అంబత్తూరు నుండి ఒరగడం వెళ్లడానికి అలవాటు పడిన గుమాస్తా, అదే సరుకు తడకు వెళ్లేటప్పుడు బిల్లు అక్కరలేదనుకోవడం నేను ఎన్నోసార్లు చూశాను. ఫోను రాగానే నేను చేసే మొదటి పని బండి నంబరు వాళ్లకు పంపి, డై బండి ఎక్కేలోపు బిల్లు తీయించడం. బిల్లు గడువు ప్రతి 200 కిలోమీటర్లకు ఒక రోజు కాబట్టి నెల్లూరు దాకా వెళ్లే ట్రిప్పుకు ఆ విషయంలో చింత లేదు.

నడపడంలో ఈ ఇంజను గురించి నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. 80 హార్స్‌పవర్లు, 190 న్యూటన్ మీటర్ల టార్కు ఉన్న ఈ బండికి, టన్నున్నర లోడుతో రెడ్‌హిల్స్ నుండి నాయుడుపేట దాకా చదునైన జాతీయ రహదారి 16 మీద ఎక్కడా ఇబ్బంది లేదు. నిండు లోడుతో కృష్ణగిరి మీదుగా హోసూరు ఎక్కేటప్పుడు గేరు తగ్గించి ఓపికగా ఎక్కాలి. వారానికి రెండు మూడు సార్లు బెంగళూరు పని ఉండేవారు 2.5 లీటర్ల ఇంజనున్న మహీంద్రా బొలెరో పికప్ కూడా నడిపి చూసి నిర్ణయించుకోవడం మంచిది. గేరు రాడ్డు డాష్‌బోర్డు మీద ఉండటం వల్ల కాబిన్‌లో ముగ్గురు కాళ్లు చాపుకుని కూర్చోవచ్చు. రాత్రి పని చేసే డ్రైవరుకు తిరుగు దారిలో సందులో బండి ఆపి గంట సేపు నడుము వాల్చడానికి ఆ ఖాళీ ఎంత విలువైనదో చెప్పలేను. వెనుక ఒక్కొక్క పక్క ఒక్కటే టైరు. టాటా 407 లాగా వెనుక జంట టైర్లు ఉండవు కాబట్టి ఒకటి పంక్చరైతే బండి అక్కడే ఆగుతుంది. నేను ప్రతి లోడుకు ముందు గాలి చూపిస్తాను, స్టెప్నీని ఎప్పుడూ కొత్త టైరుతో ఉంచుతాను.

మిగతా బండ్ల గురించి క్లుప్తంగా. 2005లో వచ్చిన టాటా ఏస్‌ను ఇక్కడ అందరూ కుట్టి యానై అంటారు. నగరం లోపల అయిదారు వందల కిలోల పనికి దానిని మించినది లేదు, కానీ డైల పనికి చాలదు. టాటా ఇంట్రా వీ50 మోసేది 1,500 కిలోలు, బాడీ పొడవు దాదాపు మన ఐ4 అంతే, వెడల్పు అయిదు అంగుళాలు తక్కువ. ఐ4 దొరక్కపోతే నేను కొనేది అదే. రెండు టన్నులు మోసే బొలెరో మ్యాక్స్ పికప్ హెచ్‌డీ 2.0 బరువైన సరుకు రోజూ ఉండేవారికి సరిపోతుంది. అమెరికా పికప్‌కు దగ్గరి చుట్టం అనదగ్గ ఇసుజు డీ-మాక్స్ 2016 నుండి మన శ్రీసిటీలోనే తయారవుతోంది, బండి దృఢమైనదే, కానీ వెనుక తొట్టి ఈ పనికి చిన్నది. కరెంటు బండ్లకు పర్మిట్ బెడద లేదు. అయినా 154 కిలోమీటర్ల రేంజి అని చెప్పే ఏస్ ఈవీ లాంటివి నెల్లూరు వెళ్లి రాలేవు.

ఖర్చుల లెక్క ఇలా ఉంది. నాకు లోడుతో లీటరుకు పన్నెండు కిలోమీటర్ల చొప్పున వస్తోంది, ఖాళీగా పద్నాలుగు దాకా వస్తుంది. రెడ్‌హిల్స్ నుండి నెల్లూరు వెళ్లి రావడానికి సుమారు 340 కిలోమీటర్లు, 28 లీటర్లు, చెన్నై ధరలో దాదాపు 2,600 రూపాయల డీజిలు. ఆంధ్రలో డీజిలు ఖరీదెక్కువ కాబట్టి ఆరంబాక్కం దాటకముందే ట్యాంకు నింపుకోవడం ఈ దారిలో తిరిగే ప్రతి డ్రైవరుకూ అలవాటే. 7,500 కిలోల లోపు సరుకు బండ్లకు థర్డ్ పార్టీ బీమా 2022 జూన్ నుండి ఏటికి 16,049 రూపాయలు, దానిపై జీఎస్టీ. ఎఫ్‌సీ కొత్త బండికి రెండేళ్లకొకసారి, ఎనిమిదేళ్లు దాటాక ఏటా. బాడుగ చెప్పేటప్పుడు నేను రానూపోనూ రెండు వైపుల డీజిలూ కలిపే చెబుతాను. అర్జంటు పనిలో తిరుగు లోడు దొరుకుతుందని లెక్క వేసుకున్నవాడు మొదటి సంవత్సరంలోనే కిస్తీ కట్టలేక ఇబ్బంది పడతాడు. దొరికిన రోజు అది మిగులు.

డ్రైవరు లైసెన్సు గురించి చాలామందికి ఉన్న భయం ఇప్పుడు తీరిపోయింది. మా పిన్నికొడుకు దగ్గర ఎల్ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సు మాత్రమే ఉండేది, బాడుగ బండ్లు నడపడానికి దాని మీద వేయించుకునే ట్రాన్స్‌పోర్టు ఎండార్స్‌మెంటు లేదని, ప్రమాదం జరిగితే బీమా కంపెనీ అడ్డం తిరుగుతుందని నేను వాడికి రాత్రి ట్రిప్పులు ఇచ్చేవాడిని కాను. 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, 7,500 కిలోల లోపు సరుకు బండిని ఎల్ఎంవీ లైసెన్సుతో నడపవచ్చని తేల్చి చెప్పింది. ఇప్పుడు వాడు వారానికి మూడు రాత్రులు ఈ బండే నడుపుతున్నాడు.

ఐ4ను నేను ఎవరికి సిఫారసు చేస్తానంటే, లోడ్లలో కనీసం మూడో వంతు టన్నుంబావు దాటేవి ఉండి, నేషనల్ పర్మిట్ ఖర్చును బాడుగలో రాబట్టుకోగలిగినవారికి. టన్ను లోపు సరుకుతో అంబత్తూరు, పాడి, ఒరగడం, శ్రీపెరుంబుదూరుల మధ్య తిరిగేవారు ఐ3 తీసుకుని ఆ 16,500 రూపాయలను టైర్ల కోసం దాచుకోవచ్చు. నేను రెండో బండిగా వచ్చే సంక్రాంతికి ఐ3నే తీసుకుంటున్నాను, చిన్న లోడ్లన్నీ దానికి మళ్లించి ఐ4ను డైలకే ఉంచుతాను. ఏది కొన్నా, షోరూములో డబ్బు కట్టే ముందు సేల్ సర్టిఫికెటు, అంటే ఫారం 21, ముసాయిదా చూపించమని అడిగి, అందులో జీవీడబ్ల్యూ గడిలో ఉన్న అంకె మీరు అనుకున్న మోడల్‌దేనా అని మీ కళ్లతో చూసుకోండి. ఆ తరువాత బండి వెనక్కి వెళ్లి టేపుతో బాడీ పొడవు కొలవండి.